బ్రిటన్‌లోని హెచ్‌ఎంవీ దుకాణంలో ఎల్పీలు, సినిమా డిస్కులు కొనడం ఎలా? ఇంటికి తెచ్చాక ఆడాలంటే ఏమేం చూసుకోవాలి?

ఇంగ్లండులో చదువుకుంటున్న పిల్లలను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులు, అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, సెలవులకు ఇంటికి వస్తూ నాన్నగారికో అన్నయ్యకో ఏదైనా తీసుకురావాలనుకునే విద్యార్థులు నన్ను పదే పదే ఒకే సంగతి అడుగుతున్నారు. హెచ్‌ఎంవీలో రికార్డులు, సినిమా డిస్కులు కొంటే మన ఇంట్లో ఆడతాయా, కొనేటప్పుడు ఏం చూసుకోవాలి అని వారి ప్రశ్న. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాయడం మేలనిపించింది.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. మన ఇళ్ళలో పాత గ్రామఫోను రికార్డుల మీద బాకా ముందు కూర్చున్న కుక్క బొమ్మను చూసి పెరిగినవారు, లండను దుకాణం మీద అదే కుక్కను చూడగానే అక్కడ పాత తెలుగు సినిమా రికార్డులు దొరుకుతాయని ఆశపడతారు. అవి అక్కడ దొరకవు. మన దేశంలో ఆ బొమ్మతో రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా 2000లో సారెగమ అని పేరు మార్చుకుంది, ఆ పాటల హక్కులు దాని దగ్గరే ఉన్నాయి. బ్రిటన్‌లోని హెచ్‌ఎంవీ ఇప్పుడు కేవలం దుకాణాల సంస్థ. 1921 జూలై 20న లండను ఆక్స్‌ఫర్డ్ వీధిలో 363 నంబరు భవనంలో మొదటి దుకాణాన్ని సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ ప్రారంభించారు. 2013లోనూ, 2018 చివరలోనూ ఆ సంస్థ దివాలా అంచుకు చేరింది. 2019 ఫిబ్రవరిలో కెనడాకు చెందిన సన్‌రైజ్ రికార్డ్స్ యజమాని డగ్ పుట్మన్ దాన్ని కొని నిలబెట్టారు, 2023 నవంబరులో అదే 363 నంబరు భవనంలోకి దుకాణం తిరిగి వచ్చింది. పాత తెలుగు ఎల్పీలే కావాలనుకునేవారు చెన్నై మూర్ మార్కెట్‌లోనో ముంబయి చోర్ బజారులోనో వెతుక్కోవడం మంచిది. ఇంగ్లీషు, ఐరోపా, అమెరికా సంగీతం, ప్రపంచ సినిమా కావలసినవారికి ఈ కింది సూచనలు పనికివస్తాయి.

కావలసినవి

మీ ఇంట్లో ఉన్న ప్లేయరు మోడల్ నంబరు రాసుకున్న కాగితం, లేదా దాని వెనకవైపు తీసిన ఫోటో. పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు పత్రం, అంటే పాస్‌పోర్టు లేదా డ్రైవింగ్ లైసెన్సు. మీరు కొనాలనుకున్న వాటి జాబితా. చేతిలో ఒక గట్టి సంచి, ఎందుకంటే ఇంగ్లండులో దుకాణం ఇచ్చే ప్లాస్టిక్ సంచికి కనీసం 10 పెన్నీలు చెల్లించాలి, పైగా పన్నెండు అంగుళాల ఎల్పీ అట్ట మామూలు సంచిలో పట్టక మూలలు నలుగుతాయి. ఎల్పీలు విమానంలో తేవాలనుకుంటే వాటి కొలతకు సరిపోయే అట్టపెట్టె ఒకటి ముందే చూసుకోండి.

1. ఇంట్లో ఏముందో తెలుసుకున్నాకే బయలుదేరండి

అన్ని మెట్లలోకీ ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది దాటవేసేది కూడా ఇదే. మీ దగ్గరున్నది డీవీడీ ప్లేయరా, బ్లూ-రే ప్లేయరా, 4కె అల్ట్రా హెచ్‌డీ ప్లేయరా అన్నది తేల్చుకోండి. 4కె డిస్కు మామూలు బ్లూ-రే ప్లేయరులో ఆడదు, బ్లూ-రే డిస్కు డీవీడీ ప్లేయరులో ఆడదు. పెద్ద ప్లేయరు చిన్న డిస్కును ఆడించగలదు కానీ చిన్న ప్లేయరు పెద్ద డిస్కును ఆడించలేదని గుర్తుంచుకుంటే చాలు. టీవీ 4కె అయినంత మాత్రాన ప్లేయరు 4కె అయిపోదు.

ఆ తర్వాత ప్లేయరును ఏ దేశంలో కొన్నారో రాసుకోండి. గేమ్ కన్సోల్‌తో సినిమాలు చూసేవారికీ ఇది వర్తిస్తుంది, ఎందుకంటే వాటికి కూడా అమ్మిన దేశాన్ని బట్టి రీజియన్, అంటే ఏ ప్రాంతపు డిస్కులు ఆడాలో నిర్ణయించే తాళం, అమర్చి ఉంటుంది. ఆ అవసరం ఎక్కడ వస్తుందో అయిదో మెట్టులో వివరంగా రాశాను.

ఎల్పీలు కొనేవారు తమ టర్న్‌టేబుల్ నిమిషానికి 33⅓, 45 చుట్ల వేగాలు రెండూ ఇస్తుందో లేదో చూసుకోవాలి. ఈమధ్య చాలా ఆల్బమ్‌లను రెండు పన్నెండు అంగుళాల రికార్డులుగా 45 వేగంతో వేస్తున్నారు. అట్టమీద ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిసార్లు రికార్డు మధ్యనున్న లేబులు మీద మాత్రమే ఉంటుంది. తాతగారి కాలం నాటి 78 వేగపు గ్రామఫోను మీద ఈ కొత్త రికార్డులను ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. దాని బరువైన ఇనుప ముల్లు ఒక్కసారి తిరిగితే చాలు, సన్నని గాడులన్నీ చెక్కుకుపోతాయి.

2. దుకాణాన్ని, రోజును, వేళను ఎంచుకోండి

లండనులో అయితే ఆక్స్‌ఫర్డ్ వీధి దుకాణం బాండ్ స్ట్రీట్ స్టేషనుకు దగ్గర. బర్మింగ్‌హాంలో 2019లో తెరిచిన ‘ది వాల్ట్’ చాలా విశాలమైనది, తీరిగ్గా వెతకాలనుకునేవారికి అదే తగిన చోటు. ఇతర నగరాల్లో హెచ్‌ఎంవీ శాఖలు ఎక్కువగా షాపింగ్ సెంటర్లలో ఉంటాయి, వాటిలో కొన్ని చిన్నవి. గతంలో చాలా శాఖలు మూతపడ్డాయి, కొన్ని చోటు మారాయి, అందువల్ల పాత మిత్రులు చెప్పిన చిరునామాను నమ్ముకోకుండా బయలుదేరే ముందు సంస్థ వెబ్‌సైటులో చూసుకోండి. మీకు కావలసింది ప్రత్యేకమైన వస్తువైతే ఆ శాఖకు ఫోను చేసి ఉందో లేదో అడగండి.

కొత్త సంగీత ఆల్బమ్‌లు శుక్రవారం విడుదలవుతాయి. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా ఇదే పద్ధతి నడుస్తోంది. సినిమా డిస్కులు బ్రిటన్‌లో సాధారణంగా సోమవారం వస్తాయి. పరిమిత సంఖ్యలో వేసిన రంగు రికార్డు కావాలంటే శుక్రవారం ఉదయమే వెళ్ళాలి. అలాంటి తొందర లేకపోతే వారం మధ్యలో ఉదయంపూట వెళ్ళండి, అప్పుడు సిబ్బందికి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. వారిలో చాలామందికి సంగీతం మీద నిజమైన ప్రేమ ఉంది, అడిగితే ఓపికగా చెబుతారు.

జాగ్రత్త: ఇంగ్లండు, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు మించిన దుకాణాలు ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 మధ్య వరసగా ఆరు గంటలు మాత్రమే తెరవాలని చట్టం ఉంది. ఈస్టర్ ఆదివారం, క్రిస్మస్ రోజు పూర్తిగా మూసి ఉంటాయి. ఆదివారం రాత్రి విమానం పెట్టుకుని సాయంత్రం కొందామనుకుంటే తలుపులు మూసి కనిపిస్తాయి.

3. అరల వరసను అర్థం చేసుకోండి

లోపలికి అడుగుపెట్టగానే టీషర్టులు, బొమ్మలు, కప్పులు, జపాను కామిక్ పుస్తకాలు కనిపించి, ఇది సంగీతం దుకాణమేనా అన్న అనుమానం రావచ్చు. వెనక్కి తిరగకండి. శాఖను బట్టి రికార్డులు, సినిమాలు లోపలివైపునో పై అంతస్తులోనో కిందనో ఉంటాయి.

మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది పేర్ల వరస దగ్గర. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వారికి చివర ఉంటుంది, కానీ అరలో సర్దేది ఆ చివరి పేరును బట్టే. ఒక గాయకుడి పేరు డేవిడ్‌తో మొదలైనా ఆయన ఇంటిపేరు ‘బి’ అక్షరంతో ఉంటే ‘బి’ అరలోనే వెతకాలి. బృందాల పేర్లను మాత్రం మొదటి మాటను బట్టి సర్దుతారు, అందులో ‘ది’ అన్న మాటను లెక్కలోకి తీసుకోరు. సినిమాలు పేరును బట్టి ఉంటాయి, అక్కడ కూడా ‘ది’ని వదిలేయాలి.

సినిమా పాటల రికార్డులకు ‘సౌండ్‌ట్రాక్స్’ అని వేరే అర ఉంటుంది. అక్కడ సంగీత దర్శకుడి పేరు కాకుండా సినిమా పేరు చూడండి. పలువురు గాయకుల సంకలనాలు మరోచోట ఉంటాయి. జాజ్, క్లాసికల్, జానపదం, రెగ్గే వంటివి విడిగా ఉంటాయి, మీరు వెతికే కళాకారుడు పాప్ అరలో లేడంటే దుకాణంలోనే లేడని అర్థం కాదు. ఇంగ్లీషు కాని సినిమాలు ‘వరల్డ్ సినిమా’ అరలో ఉంటాయి, భారతీయ సినిమాల్లో దొరికే కొద్దివీ ఎక్కువగా అక్కడే కనిపిస్తాయి. టీవీ ధారావాహికలు, పెట్టె సెట్లు మళ్ళీ వేరు. ఇన్ని చోట్లా చూశాక కూడా దొరకకపోతే సిబ్బందిని అడగండి, వేరే శాఖ నుంచి తెప్పించగలరేమో చెబుతారు.

4. ఏ రూపంలో కొనాలో తేల్చుకోండి

సీడీకి రీజియన్ లేదు, వేగం గొడవ లేదు, బరువు తక్కువ, ధర కూడా ఎల్పీతో పోలిస్తే చాలా తక్కువ. ఏ సీడీ ప్లేయరులోనైనా పాడుతుంది. బహుమతిగా ఇచ్చేటప్పుడు ఎదుటివారి దగ్గర ఏ పరికరం ఉందో తెలియకపోతే సీడీనే కొనమని నా సలహా.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. సంగీతం అరలోనే ‘బ్లూ-రే ఆడియో’, ‘ఎస్‌ఏసీడీ’ అనేవి కూడా ఉంటాయి, చూడటానికి అంతా ఒకేలా ఉంటాయి. మొదటిదానికి బ్లూ-రే ప్లేయరు కావాలి. రెండోదాని మీద ‘హైబ్రిడ్’ అని ఉంటేనే మామూలు సీడీ ప్లేయరులో పాడుతుంది.

ఎల్పీ కొనడం ఒక ఆనందం, నేనూ కొంటాను. పెద్ద అట్ట మీద బొమ్మ చూస్తూ, లోపలి కాగితం మీద పాట సాహిత్యం చదువుకుంటూ వినడంలో ఉన్న తృప్తి ఫోనులో రాదు. అయితే 180 గ్రాముల రికార్డు అని అట్టమీద చీటీ ఉన్నంత మాత్రాన ధ్వని బాగుంటుందని భావించకండి. ఆ అంకె రికార్డు బరువును మాత్రమే చెబుతుంది. ధ్వని బాగుండటానికి మాస్టరింగ్, అంటే అచ్చుకు ముందు ధ్వనిని సరిదిద్దే చివరి పని, ఎలా చేశారు, రికార్డును ఎంత శ్రద్ధగా అచ్చుపోశారు అన్నవి ముఖ్యం. రంగు రికార్డులు, బొమ్మలు ముద్రించిన పిక్చర్ డిస్కులు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో పిక్చర్ డిస్కులకు మామూలుగా గరగర ఎక్కువ, వినడానికే కొనేవారు వాటిని వదిలి నల్ల రికార్డు తీసుకోవడం మంచిది.

టర్న్‌టేబుల్ కూడా అక్కడే కొనాలనుకునేవారికి ఒక మాట. సూట్‌కేసు ఆకారంలో ఉండే చవక యంత్రాలు చాలావరకు ముల్లును రికార్డు మీద బరువుగా మోపుతాయి. ఒక్కో ఎల్పీకి పాతిక, ముప్ఫై పౌండ్లు పెట్టి కొని దాని మీద అరగదీయడం నాకు బాధ కలిగిస్తుంది. ముల్లు బరువును సర్దుకునే వీలున్నదాన్ని కొనండి, లేదా డబ్బు కూడేదాకా సీడీలతో సరిపెట్టుకోండి. కరెంటు విషయంలో భయం లేదు. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్‌జులే కాబట్టి యంత్రం తిరిగే వేగం మారదు. ప్లగ్గు ఆకారం మాత్రం వేరు, దానికి అడాప్టర్ కావాలి.

5. డబ్బు కట్టే ముందు సినిమా డిస్కు వెనక అట్ట చదవండి

నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు దీని గురించే. మొదటిసారి నేను ఏడు డిస్కుల పెట్టె ఒకటి ఎంతో ఇష్టపడి కొని విజయవాడ తీసుకెళ్ళాను. మా బావమరిది ఇంట్లో అందరం చుట్టూ కూర్చున్నాక, ఆ ప్లేయరు ఏడింటిలో ఒక్కదాన్నీ తెరవలేదు. తప్పు డిస్కుది కాదు, ప్లేయరుదీ కాదు. అట్ట వెనక మూలన షడ్భుజిలో ఉన్న ‘బి’ అక్షరాన్ని నేను చూసుకోలేదు, అంతే.

బ్లూ-రే డిస్కులకు ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా పంచారు. అమెరికా, జపాను ‘ఎ’లో ఉన్నాయి. బ్రిటన్, ఐరోపా, ఆస్ట్రేలియా ‘బి’లో ఉన్నాయి. భారత్, చైనా, రష్యా ‘సి’లో ఉన్నాయి. డీవీడీకి వేరే లెక్క ఉంది, బ్రిటన్‌ది 2, మనది 5, అమెరికాది 1. డీవీడీ అట్ట మీద భూగోళం బొమ్మలో ఆ అంకె ఉంటుంది. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ తాళం లేదు.

కొనేటప్పుడు ఇలా చూడండి. అట్ట వెనక్కి తిప్పి కింది భాగంలో షడ్భుజి గుర్తు వెతకండి. అందులో ‘ఎ, బి, సి’ మూడూ ఉంటే, లేదా రీజియన్ లేదని రాసి ఉంటే నిశ్చింతగా తీసుకోండి. ‘బి’ ఒక్కటే ఉంటే భారతదేశంలో కొన్న ప్లేయరులో ఆడదని భావించి అరలో పెట్టేయండి. ఏ గుర్తూ లేకపోతే ఫోనులో ఆ విడుదల పేరు, బార్‌కోడ్ నంబరు కొట్టి చూడండి. పెద్ద స్టూడియోల బ్లూ-రేలు చాలావరకు ఎక్కడైనా ఆడతాయి. పాత సినిమాలను శ్రద్ధగా బాగుచేసి పుస్తకంతో సహా వేసే యారో, యురేకా, ఇండికేటర్, బ్రిటన్ క్రైటీరియన్ వంటి సంస్థల బ్లూ-రేలలో ‘బి’ తాళం ఉన్నవి చాలా ఉన్నాయి. సినిమా మీద ప్రేమ ఉన్నవారు మొదట చేయి చాపేది సరిగ్గా వీటికోసమే కనుక నష్టపోయేది కూడా వారే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒకే పెట్టెలో 4కె డిస్కు, బ్లూ-రే డిస్కు కలిపి అమ్ముతారు. 4కె డిస్కు ఎక్కడైనా ఆడుతుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. అదనపు విశేషాలు, దర్శకుడితో సంభాషణలు అన్నీ బ్లూ-రేలో ఉంటాయి, దానికి మాత్రం ‘బి’ తాళం ఉండవచ్చు. సినిమా ఒక్కటే చాలనుకుంటే కొనండి, విశేషాల కోసమే అయితే ఆలోచించండి.

ప్రత్యామ్నాయం ఏమిటంటే, అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయరు కొనుక్కోవడం. డీవీడీ ప్లేయర్లలో కొన్నిటికి రిమోటుతో ఒక కోడ్ నొక్కి తాళం తీయవచ్చు. బ్లూ-రే ప్లేయర్లకు చాలావరకు అలా కుదరదు, ముందే మార్చి అమ్మేవాటిని కొనాలి. కంప్యూటరు డ్రైవులో డీవీడీ రీజియన్‌ను మార్చుకునే వీలుంది కానీ మొత్తం అయిదు సార్లే. అయిదోసారి పెట్టిన రీజియన్ అలాగే ఉండిపోతుంది, పిల్లలను దానితో ఆడుకోనివ్వకండి.

రీజియన్ చూశాక అదే అట్ట మీద సబ్‌టైటిళ్ళ వరస కూడా చూడండి. వరల్డ్ సినిమా అరలోని చిత్రాలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు ఉంటాయి. ఇంగ్లీషు చిత్రాలకు ఒక్కోసారి ఉండవు, బ్రిటిష్ యాస తొందరగా అందని పెద్దవారికి ఇది పెద్ద లోటు.

6. ఎల్పీని అరలోంచి తీసి పరీక్షించండి

అట్టను రెండు చేతులతో అంచులు పట్టుకుని తీయండి. నాలుగు మూలలూ చూడండి, నలిగినది వద్దు. పై అంచు, కింది అంచు వేలితో తడమండి. రవాణాలో పెట్టె కింద పడితే లోపలి రికార్డు అంచు అట్టను చీల్చుకుని బయటికి వస్తుంది, పైనున్న పారదర్శకపు కవరు చిరగకపోయినా ఆ చీలిక చేతికి తెలుస్తుంది. తర్వాత అట్టను కంటికి సమంగా పట్టుకుని పక్కనుంచి చూడండి. అట్ట వంగి ఉంటే లోపలి రికార్డు కూడా వంగి ఉండవచ్చు. కవరు మరీ బిగుతుగా ఉన్నా అట్ట వంగుతుంది, దాని పక్కనే ఉన్న మరో ప్రతితో పోల్చండి. రెండు మూడు ప్రతులు ఉన్నప్పుడు ముందున్నది పదిమంది చేతుల్లో నలిగి ఉంటుంది కనుక వెనకది తీసుకోండి.

సీలు విప్పి చూపించమని అడగడం అక్కడ పద్ధతి కాదు. మీరు విప్పకండి కూడా.

7. ధర లెక్క వేసుకోండి

అట్ట మీద ఉన్న ధరలో 20 శాతం పన్ను కలిసే ఉంటుంది, కౌంటరు దగ్గర అదనంగా ఏమీ పడదు. పూర్వం విదేశీ యాత్రికులు విమానాశ్రయంలో ఆ పన్నును వెనక్కి తీసుకునేవారు. గ్రేట్ బ్రిటన్‌లో ఆ పథకం 2021 జనవరి 1 నుంచి లేదు. పాత అనుభవంతో బంధువులు చెప్పే మాట నమ్మి, వెనక్కి వచ్చే డబ్బును ముందే లెక్కలో వేసుకోకండి.

రెండు కలిపి కొంటే ఇంత అని చీటీలు అంటించిన సీడీలు, సినిమాలు చాలా ఉంటాయి. రెండింటి మీదా ఒకే చీటీ ఉంటేనే ఆ ధర వస్తుంది. ఒకదాని మీద ఉండి రెండోదాని మీద లేకపోతే పూర్తి ధర పడుతుంది, ఇది తరచుగా జరిగే పొరపాటు. రెండోది మీకు నిజంగా అక్కర లేనిదైతే చవక అనుకుని తీసుకోవడంలో లాభం లేదు. బ్రిటన్‌లోనే ఉండేవారు తరచుగా కొనేటట్లయితే దుకాణం వారి పాయింట్ల పథకంలో చేరవచ్చు, నాలుగు రోజులకు వచ్చినవారికి దానివల్ల ప్రయోజనం లేదు.

ధర ఎక్కువనిపిస్తే దగ్గర్లోనే వేరే దారులున్నాయి. 1981లో గ్లాస్గోలో చిన్న దుకాణంగా మొదలై, 2007లో హెచ్‌ఎంవీ చేతికి వచ్చిన ఫాప్‌లో పాత ఆల్బమ్‌లు, సినిమాలు తక్కువ ధరకు దొరుకుతుంటాయి. లండనులో అది కేంబ్రిడ్జ్ సర్కస్ పక్కన ఉంది. వాడిన సినిమా డిస్కులకు సెక్స్ అని పలికే సీఈఎక్స్ శాఖలున్నాయి, వాడిన రికార్డులకు ఆక్స్‌ఫామ్ వంటి ధర్మసంస్థల దుకాణాలున్నాయి. కొత్త సంగీతం గురించి తెలిసినవారి సలహా కావాలంటే బ్రిక్ లేన్ దగ్గరున్న రఫ్ ట్రేడ్ ఈస్ట్‌కు ఒకసారి వెళ్ళండి.

8. కౌంటరు దగ్గర

బ్రిటన్‌లో సినిమా డిస్కుల మీద 12, 15, 18 అని రంగు గుర్తులుంటాయి. ఇవి సలహాలు కావు. ఆ వయసు లోపువారికి ఆ డిస్కు అమ్మడం నేరం. మీరు చిన్నగా కనిపిస్తే గుర్తింపు పత్రం అడుగుతారు, ఇరవై రెండేళ్ళ విద్యార్థిని అడిగినా అవమానంగా భావించనక్కరలేదు. ‘యు’, ‘పీజీ’ అని ఉన్నవాటికి ఈ అడ్డంకి లేదు.

ఖరీదైన డిస్కులను కొన్ని దుకాణాల్లో గట్టి ప్లాస్టిక్ చట్రంలో బిగించి ఉంచుతారు. డబ్బు కట్టాక అది తీయించుకున్నారో లేదో చూసుకోండి. ఇంటికి వెళ్ళాక దాన్ని పగలగొట్టే ప్రయత్నంలో డిస్కు పెట్టె పగిలిన సందర్భాలు నాకు తెలుసు. రసీదు తీసుకుని, ఎంత గడువులోపు మార్చుకోవచ్చో దాని మీద చదివి, వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి. రసీదు కాగితం మీద అచ్చు కొన్నాళ్ళకు మాసిపోతుంది.

9. విమానం ఎక్కకముందే పరీక్షించండి

2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వస్తువులో లోపం ఉంటే 30 రోజులలోపు తిరిగి ఇచ్చి పూర్తి డబ్బు అడిగే హక్కు మీకుంది. ఆ తర్వాత ముందుగా మార్చి ఇవ్వడానికో బాగుచేయడానికో దుకాణానికి ఒక అవకాశం ఇవ్వాలి. అడగవలసింది దుకాణాన్నే, తయారుచేసిన సంస్థను కాదు. రసీదు పోయినా బ్యాంకు స్టేట్‌మెంటు చూపించవచ్చు. అయితే మనసు మారిందనో, ప్లేయరుకు సరిపడలేదనో తిరిగి ఇచ్చే హక్కు చట్టంలో లేదు, అది దుకాణం దయ మీద ఆధారపడుతుంది, సీలు విప్పితే ఆ దయ కూడా సాధారణంగా దొరకదు. అందుకే రీజియన్ చూడటం సీలు విప్పకముందు, లోపాలు చూడటం ఊరు వదలకముందు జరగాలి. హైదరాబాదులో దిగాక లోపం కనిపిస్తే ఆ హక్కు ఉన్నా వాడుకోవడం కష్టం.

సీడీ, సినిమా డిస్కులను ఇలా పరీక్షించండి. పెట్టె మీద రాసినన్ని డిస్కులు లోపల ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఒకే డిస్కు రెండుసార్లు పడి ఇంకొకటి లేకపోవడం పెద్ద సెట్లలో జరుగుతుంటుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని గీతలు, జిగురు మరకలు చూడండి. మొదలు, మధ్య, చివరి పది నిమిషాలు ఆడించండి. డిస్కు లోపలి నుంచి బయటికి చదవబడుతుంది కాబట్టి బయటి అంచు దగ్గరి లోపాలు మొదట్లో కనిపించవు. కొత్త బ్లూ-రే మొదట్లోనే ఆగిపోతే లోపం అనుకునే ముందు ప్లేయరు సాఫ్ట్‌వేరును నవీకరించి చూడండి.

ఎల్పీని టర్న్‌టేబుల్ మీద పెట్టి, ముల్లు దించకుండా తిప్పి పక్కనుంచి చూడండి. అంచు కొద్దిగా పైకీ కిందికీ ఊగితే పరవాలేదు, ముల్లు ఎగిరిపడేటంత ఊగితే మార్పించుకోవాలి. ముల్లు దించాక దాని చేయి కుడి ఎడమలకు ఊగుతుంటే మధ్య రంధ్రం తప్పుగా పడిందన్నమాట, అప్పుడు పొడవుగా సాగే స్వరాలు వణుకుతాయి. వీణ, పియానో ఉన్న చోట చెవిపెట్టి వింటే వెంటనే తెలుస్తుంది.

చిటపట వినిపిస్తే కంగారు పడకండి. కొత్త రికార్డుకు కాగితపు తొడుగు నుంచి దుమ్ము అంటుకుని ఉంటుంది, కార్బన్ ఫైబర్ కుంచెతో తుడిచి మళ్ళీ వినండి. చప్పుడు తగ్గినా, చోటు మారినా అది దుమ్మే. అదే చోట క్రమం తప్పకుండా టిక్కుమంటుంటే గడియారం చూడండి. 33⅓ వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది, సరిగ్గా ఆ వ్యవధిలోనే చప్పుడు తిరిగి వస్తుంటే అది గీత, మార్పించుకోవచ్చు. దాన్ని ఫోనులో రికార్డు చేసి దుకాణంలో వినిపిస్తే వాదన అవసరం ఉండదు. టర్న్‌టేబుల్ లేని విద్యార్థులు స్నేహితుల ఇంట్లోనైనా ఒకసారి పరీక్షించడం మంచిది.

10. ఇంటికి చేర్చడం

ఒక్క ఎల్పీ అట్టతో కలిపి పావుకిలోకు పైనే తూగుతుంది, పది కలిపితే మూడు కిలోల దాకా వస్తాయి. అయిదారు అయితే చేతిసంచిలోనే పెట్టుకోండి. అట్ట కొలత దాదాపు 31.5 సెంటీమీటర్లు కాబట్టి మామూలు క్యాబిన్ పెట్టెలో పడుతుంది. ఎక్స్-రే యంత్రంవల్ల రికార్డులకు హాని లేదు. ఎక్కువ ఉంటే ముందు చెప్పిన అట్టపెట్టెలో గట్టిగా, కదలకుండా సర్ది, సూట్‌కేసు మధ్యలో బట్టల నడుమ నిలువుగా పెట్టండి. రికార్డును అట్టలోంచి తీసి, లోపలి తొడుగుతో అట్ట వెనక విడిగా పెట్టి తెస్తే, పెట్టె పడినా అంచులు చీలవు.

విమానం దిగాక అసలు ప్రమాదం ఎండ. మే నెలలో శంషాబాదు నుంచి ఖమ్మమో గన్నవరం నుంచి ఏలూరో కారులో వెళ్తూ దారిలో భోజనానికి ఆగినప్పుడు పెట్టెను డిక్కీలో వదలకండి, మీతోపాటు లోపలికి తీసుకెళ్ళండి. అర్ధగంటలో రికార్డు అప్పడంలా వంగిపోతుంది, దాన్ని తిరిగి సరిచేయడం చాలా కష్టం. ఇంట్లో కిటికీకి, ఫ్రిజ్ వెనక వేడికి దూరంగా, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. ఒకదానిమీద ఒకటి పేర్చితే అడుగువాటి మీద బరువు పడుతుంది, గోడకు ఏటవాలుగా ఆనిస్తే నెమ్మదిగా వంగుతాయి.